కదిలే కాలికి వేడి తెలియదు

వెన్నులో కత్తి దిగి, వెన్నుపాము కుడివైపు సగం మాత్రమే తెగిన మనిషిని పరీక్షిస్తే ఒక వింత కనిపిస్తుంది. అతని కుడికాలు కదలదు. అయినా ఆ కాలికి సూది గుచ్చితే చురుక్కుమంటుంది, వేడినీళ్ల సీసా తాకిస్తే కాలుతోందంటాడు. ఎడమకాలు మాత్రం చెప్పినట్టు లేస్తుంది, మడుచుకుంటుంది. కానీ దానికి సూది గుచ్చినా నొప్పి ఉండదు, వేడో చల్లనో తేడా తెలియదు. పోనీ, కుడికాలికి అన్నీ తెలుస్తున్నాయా అంటే అదీ కాదు. కళ్లు మూయించి కుడి బొటనవేలిని పైకి వంచామా, కిందికి వంచామా అని అడిగితే చెప్పలేడు.

తెగింది ఒకవైపే అయినా నష్టం రెండు కాళ్లకూ పంచుకున్నట్టు ఎందుకు కనిపిస్తుంది? ఈ ప్రశ్నకు 19వ శతాబ్దం మధ్యలో జవాబు వెతికిన వైద్యుడు షార్ల్ ఎడ్వార్ బ్రౌన్-సెకార్. 1817లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టారు.  తండ్రి అమెరికన్ ఓడ కెప్టెన్, కొడుకు పుట్టకముందే పోయారు. తల్లి ఫ్రెంచి కుటుంబం మనిషి. కొడుకు పారిస్ వెళ్లి వైద్యం చదివి, 1846లో వెన్నుపాము మీదే పట్టా వ్యాసం సమర్పించారు.

స్పర్శకు సంబంధించిన కబురంతా వెన్నుపాము వెనుక భాగం గుండానే పైకి పోతుందని అప్పట్లో పేరున్న శాస్త్రజ్ఞులు నమ్మేవారు. బ్రౌన్-సెకార్ జంతువుల్లో ఆ వెనుక భాగాన్ని కోసి చూశారు. నొప్పి పోలేదు. వెన్నుపామును అడ్డంగా సగం వరకు కోస్తే, నొప్పి తెలియకుండా పోయింది కోసిన వైపు కాదు, దానికి ఎదుటి వైపు. మనుషుల్లోనూ అలాంటి గాయాల లక్షణాలను పోగుచేసి ఆ సంగతి రుజువు చేశారు. నేటికీ ఈ స్థితిని బ్రౌన్-సెకార్ సిండ్రోమ్ అనే పిలుస్తారు.

ఆ వింత వెనుక ఉన్నది రెండు వేర్వేరు దారులు. మెత్తని స్పర్శ, కంపనం, కీళ్లు ఏ భంగిమలో ఉన్నాయన్న తెలివిడి ఒక దారిన వెళ్తాయి. ఆ నాడీ తంతువులు వెన్నుపాములోకి వచ్చిన వైపునే, దాని వెనుక భాగంలో, మెదడు అడుగుదాకా ఎక్కి అక్కడ అవతలి వైపుకు దాటుతాయి. నొప్పి, వేడి, చల్లదనం మరో దారి పడతాయి. ఆ కబురు వెన్నుపాములోకి రాగానే, ఒకటి రెండు మెట్లలోపే మధ్యగీత దాటి, ఎదుటివైపు ముందుపక్క అంచున పైకి సాగుతుంది. చివరికి రెండూ థాలమస్ అనే కేంద్రాన్ని చేరి, అక్కడి నుంచి మెదడు పైపొరకు వెళ్తాయి. గమ్యం ఒకటే, మధ్యగీత దాటే చోటే వేరు. కుడివైపు తెగినప్పుడు కుడికాలి భంగిమ సమాచారమూ, అప్పటికే దాటి వచ్చిన ఎడమకాలి నొప్పి సమాచారమూ ఒకే గాటుకు ఆగిపోవడానికి కారణం ఇదే.

వెన్నుపాము మందం చిటికెన వేలికి మించదు. పెద్దవాళ్లలో పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. అంత సన్నని చోట ఈ దారులన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా రోగి జీవితం మారిపోతుంది. అందుకే ‘వెన్నుపూస దెబ్బతింది’ అన్న ఒక్క మాటతో ఇద్దరు రోగులను ఒకే గాటన కట్టడం కుదరదు.

మెడ వెన్నుపూసలు అరిగిపోయి ఉన్న పెద్దాయన బాత్‌రూంలో జారి ముందుకు పడితే, మెడ ఒక్కసారిగా వెనక్కి వంగి వెన్నుపాము నడిమధ్య నలిగిపోవచ్చు. ఎముక విరగకపోయినా ఇలా జరుగుతుంది. అప్పుడు కాళ్లకంటే చేతులే ఎక్కువ పడిపోతాయి, అరచేతుల్లో మంట పుడుతుంది. నడవగలుగుతున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు రోజులు గడిపేస్తే నష్టం పెరగవచ్చు. కొందరిలో వెన్నుపాము లోపలే నీటితిత్తి ఏర్పడి మెల్లగా పెరుగుతుంది. అది సరిగ్గా మధ్యగీత దాటుతున్న నొప్పి తంతువులను తెంచుతుంది. భుజాల నుంచి చేతులదాకా శాలువా కప్పినట్టు ఒక ప్రాంతంలో నొప్పీ వేడీ తెలియవు, మెత్తని స్పర్శ మాత్రం తెలుస్తూనే ఉంటుంది. వంటగదిలో చేయి కాలినా, బొబ్బ చూశాకే ఆ సంగతి బయటపడుతుంది. ఇక బీ12 విటమిన్ బాగా తగ్గినవాళ్లలో దెబ్బతినేది ప్రధానంగా వెనుక దారి. కాళ్లు ఎక్కడున్నాయో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది కనుక, ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలిపోతారు. వెన్నుపూసలకు సోకే క్షయ కూడా మన దేశంలో వెన్నుపామును నొక్కేసే ముఖ్య కారణాల్లో ఒకటి. వేళకు గుర్తిస్తే మందులతో, అవసరమైతే ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు అది.

తెలంగాణ పల్లెల్లో వెన్ను గాయం అనగానే గుర్తొచ్చేది తాటిచెట్టు. చెట్టు మీద నుంచి జారిన గీత కార్మికుడు తరచూ మడమల మీదో పిరుదుల మీదో పడతాడు. ఆ అదురు వెన్ను పొడవునా పైకి ఎక్కి, పక్కటెముకల ఆసరా ఉన్న వెన్నుపూసలు అయిపోయి నడుము పూసలు మొదలయ్యే చోట విరుచుకుపడుతుంది. వెన్నుపాము ముగిసేది కూడా దాదాపు అక్కడే. దాని కొస నలిగితే కాళ్లలో కొంత బలం మిగిలినా, పీట మీద కూర్చున్నప్పుడు ఆనే భాగమంతా మొద్దుబారుతుంది. మూత్రం నిండిన సంగతి తెలియదు, కడుక్కుంటే చెయ్యి తగిలిన సంగతి తెలియదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు తాళ్లు, పట్టీలతో కూడిన కిట్లు పంచడం మొదలుపెట్టింది. చెట్టు ఎక్కేవాడికి ఆ పట్టీ ఎంత అవసరమో, పడినవాణ్ని సరిగ్గా ఎత్తడం కూడా అంతే అవసరం. నలుగురు కాళ్లూ చేతులూ పట్టి లేపి, నడుం వంచి ఆటోలో కుదించడం వల్ల సగం మిగిలిన దారులు కూడా తెగిపోయే ప్రమాదం ఉంది. మెడ, నడుము కదలకుండా చూసుకుంటూ 108 వచ్చేదాకా ఆగాలి. ప్రమాదమేదీ జరగకపోయినా నడుం నొప్పితోపాటు మలద్వారం చుట్టూ మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. మర్నాటికి వాయిదా వేయదగ్గ లక్షణాలు కావవి.

ఆసుపత్రిలో స్పర్శను కొలిచే పరీక్షకు ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. కొంచెం దూది, ఒక పిన్నీసు చాలు. వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయటికి వస్తాయి. వాటిలో దాదాపు ప్రతి జతకూ చర్మం మీద సొంత ప్రాంతం ఉంది. చేతి బొటనవేలు మెడలోని ఆరో నాడిది, చిటికెన వేలు ఎనిమిదోది. చనుమొనల వరస ఛాతీ నాడుల్లో నాలుగోది, బొడ్డు పదోది. డిశ్చార్జి కాగితంలో టీ10 అనో డీ10 అనో రాసి ఉంటే, బొడ్డు వరకు స్పర్శ సరిగ్గా ఉంది, అక్కడి నుంచి కిందికి తేడా ఉంది అని అర్థం చేసుకోవాలి. ఒక్కోవైపు 28 చోట్ల దూదితో తాకి, పిన్నుతో పొడిచి, ఏమీ తెలియకపోతే సున్న, తేడాగా తెలిస్తే ఒకటి, మామూలుగా తెలిస్తే రెండు చొప్పున వేస్తారు. రెండు వైపులా కలిపి దూదికి 112, పిన్నుకు 112. ప్రపంచమంతటా ఈ లెక్కే వాడతారు.

ఈ పరీక్షలో రోగులు సిగ్గుపడే భాగమే అన్నిటికంటే విలువైనది. మలద్వారం చుట్టూ చర్మానికీ, లోపల వేలితో నొక్కినప్పటి ఒత్తిడికీ ఏ కొంచెం స్పర్శ మిగిలినా ఆ గాయాన్ని పాక్షికం అంటారు. అక్కడ ఏమీ తెలియక, ఆ కండరమూ బిగించలేకపోతే పూర్తి గాయం. నొప్పి దారిలో శరీరపు అట్టడుగు భాగాల తంతువులు అన్నిటికంటే బయటి అంచున ఉంటాయి. వెన్నుపాము నడిమధ్య నలిగినా ఆ అంచు బతికి ఉండవచ్చు. పైగా కాళ్లను కదిలించే తంతువులు నొప్పి దారికి దగ్గరలోనే ఉంటాయి కాబట్టి, పిన్ను గుచ్చితే చురుక్కుమనే రోగికి కాళ్లు తిరిగి వచ్చే అవకాశం దూది స్పర్శ మాత్రమే మిగిలినవాడికంటే ఎక్కువ. ‘నడుస్తాడా డాక్టరుగారూ?’ అని అడిగే కుటుంబానికి తొలి జవాబు చాలాసార్లు ఎమ్మారై బొమ్మకంటే ముందు ఆ పిన్నీసే చెబుతుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పుకోవాలి. గాయమైన కొత్తలో వేలాడిపోయిన కాళ్లు కొన్ని వారాల తర్వాత దుప్పటి తగిలినా ఒక్కసారిగా ముడుచుకుంటాయి. ఇంట్లోవాళ్లు సంతోషంతో కన్నీళ్లు పెట్టుకుంటారు. నిజానికి చర్మం పంపిన కబురు గాయం కిందిభాగంలోని వెన్నుపాము వరకే వెళ్లి, అక్కడి నుంచే తిరుగు ఆజ్ఞ వచ్చింది. మెదడుకు ఆ సంగతే తెలియదు. ఆశ చంపమని కాదు గానీ, ఈ కుదుపును కోలుకోవడంగా పొరబడి నాటు వైద్యాలకు డబ్బు పోయడం చాలా ఇళ్లలో జరుగుతోంది.

ఈ దారుల పటాన్ని వైద్యులు నష్టం అంచనా వేయడానికే కాదు, బాధ తీర్చడానికీ వాడారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం స్పిల్లర్ అనే నాడీ వైద్యుడు, వెన్నుపాము ముందు పక్క భాగాల్లో క్షయ గడ్డలున్న ఒక రోగికి నొప్పి, వేడి తెలియకపోవడాన్ని 1905లో నమోదు చేశారు. రోగం చెడగొట్టిన ఆ చోటునే కావాలని కోస్తే భరించలేని నొప్పి ఆగాలి కదా అని ఆలోచించారు. ఆయన సూచనతో సర్జన్ ఎడ్వర్డ్ మార్టిన్ ఆ కోత చేశారు, ఫలితాన్ని 1912లో ఇద్దరూ ప్రకటించారు. కోసిన వైపుకు ఎదుటి పక్కన నొప్పీ వేడీ పోతాయి, తాకిన సంగతి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. మందులకు లొంగని క్యాన్సర్ నొప్పికి నేటికీ కొన్నిచోట్ల, ఇప్పుడు సన్నని సూదితో, ఈ చికిత్స చేస్తున్నారు.

వెన్ను గాయం అంటే నడక పోవడమే అనుకుంటారు చాలామంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం చాలాసార్లు స్పర్శ లేకపోవడమే. కుర్చీలో కూర్చున్న మనిషి తనకు తెలియకుండానే మాటిమాటికీ అటూ ఇటూ కదులుతాడు. ఒకేచోట ఒత్తిడి పడి రక్తం ఆడనప్పుడు చర్మం ఫిర్యాదు చేస్తుంది, మనం పక్కకు జరుగుతాం. ఆ ఫిర్యాదు చేరనివాడు గంటల తరబడి అలాగే ఉండిపోతాడు. పిరుదుల కింద, నడుం కింద, మడమల మీద చర్మం కమిలి, లోపలి కండ కుళ్లి, పుండు ఎముకదాకా దిగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుకు తూటా తగిలిన సైనికుల్లో అత్యధికులు ఈ పుండ్లతో, మూత్రంలో చేరిన చీముతో చనిపోయారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో బాధ్యత తీసుకున్న లుడ్విగ్ గుట్‌మన్ రాత్రింబవళ్లు రెండేసి గంటలకు ఒకసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పించారు. పోగొట్టుకున్న చర్మపు ఫిర్యాదుకు బదులుగా గడియారాన్ని పెట్టారాయన. రోగులు బతకడం మొదలుపెట్టారు. 1948లో అదే ఆసుపత్రి ఆవరణలో ఆయన జరిపిన విలువిద్య పోటీలే పారాలింపిక్స్‌కు నాంది.

‘సూపర్‌మ్యాన్’ నటుడు క్రిస్టొఫర్ రీవ్ 1995 మేలో గుర్రం మీద నుంచి పడి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల దగ్గర దెబ్బతిన్నారు. మెడ కింద కదలిక లేదు, ఊపిరికి యంత్రం. ఏళ్ల తరబడి వ్యాయామం చేశాక, ఇక మార్పు ఉండదని అనుకునే దశలో, ఆయనకు శరీరంలో చాలా చోట్ల స్పర్శ తిరిగి వచ్చింది. తన వాళ్లు తాకితే తెలిసేది. 2002లో ఆయన వైద్యులు ఆ వివరాలు ప్రచురించారు. అంత వసతి, అంత సేవ ఉన్న ఆ మనిషికీ ఒత్తిడి పుండు తప్పలేదు. దాని ఇన్ఫెక్షన్‌కు చికిత్స జరుగుతుండగా గుండె ఆగి, 2004 అక్టోబరు 10న 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన పక్కనే ఇంకొక జీవితం ఉంది. చిత్తూరు జిల్లా వాళ్లు రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో యువ వైద్యురాలిగా ఉన్న మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదం జరిగి నడుం కింద అంతా పడిపోయింది. అదే ఆసుపత్రిలో సర్జన్ పాల్ బ్రాండ్ అప్పటికి కుష్ఠు రోగుల మీద పనిచేస్తున్నారు. వాళ్ల వేళ్లు పోయేది రోగం నేరుగా తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియక పదేపదే గాయపడడం వల్లనని ఆయన గట్టిగా చెప్పేవారు. ఆయన ప్రోత్సాహంతో మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తన కాళ్లకు స్పర్శ లేని సర్జన్, స్పర్శ లేని చేతులను సరిచేశారు. తర్వాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆమె లాంటివారు నిలబెట్టిన పునరావాస విభాగాల్లో రోగికి నేర్పే మొదటి పాఠాలు చర్మం గురించే. పావుగంటకో అరగంటకో చేతుల మీద బరువు వేసి పైకి లేవాలి, లేదా పక్కకు వాలాలి. రోజూ అద్దం పెట్టుకుని వెనుక భాగం చూసుకోవాలి. స్నానం నీళ్లు స్పర్శ ఉన్న చేత్తో ముందుగా చూడాలి. వేడి గిన్నెను ఒళ్లో పెట్టుకోకూడదు.

మెదడుకు చేరని కబురు శరీరంలో మాయమైపోదు. ఛాతీలోని ఆరో నాడి స్థాయిలోగానీ అంతకంటే పైనగానీ దెబ్బతిన్నవాళ్లకు మూత్రాశయం నిండిందనుకోండి. ఆ సంకేతం గాయం కిందివరకు వచ్చి, అక్కడి నాడులను రెచ్చగొడుతుంది. కింది రక్తనాళాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని బీపీ ప్రమాదకరంగా ఎగబాకుతుంది. మెదడు దాన్ని తగ్గించమని పంపే ఆజ్ఞ గాయం దాటి కిందికి వెళ్లదు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, గాయం పైభాగంలో చెమటలు. పక్షవాతం తెచ్చిపెట్టగల అత్యవసర స్థితి ఇది. వెంటనే రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, మూత్రం పైపు మెలిపడిందేమో చూడాలి, మలబద్ధకం సంగతీ గమనించాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంత ప్రమాదాన్ని కొందరు పారా క్రీడాకారులు కావాలని తెచ్చుకున్నారు. బీపీ పెరిగితే ఆటలో వేగం పెరుగుతుందని, మూత్రాశయాన్ని నిండనిచ్చో, స్పర్శ లేని కాలి వేలు విరగ్గొట్టుకునో పోటీలకు దిగేవారు. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది.

స్పర్శ లేనిచోట నొప్పి ఉండడం ఇంట్లోవాళ్లకు అన్నిటికంటే మింగుడుపడని సంగతి. గాయపడ్డవాళ్లలో దాదాపు సగం మందికి నాడుల నుంచి పుట్టే నొప్పి ఉంటుంది. పిన్ను గుచ్చినా తెలియని కాళ్లలో నిప్పులు పోసినట్టు మంట, కరెంటు షాకులు, గాయం స్థాయిలో నడుం చుట్టూ పట్టీ బిగించినట్టు పట్టు. ‘కాళ్లే తెలియవన్నావు, మంటేమిటి?’ అని అడిగితే ఆ మనిషి ఏమని చెబుతాడు? కింది నుంచి రావలసిన సంకేతాలు ఆగిపోయినప్పుడు వెన్నుపాములోనూ మెదడులోనూ ఆ సంకేతాలకు అలవాటుపడ్డ కణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. నొప్పి పుట్టేది అక్కడ, తెలిసేది కాళ్లలో. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి డాక్టర్లు రాస్తారు. అవీ అందరికీ పూర్తిగా తగ్గించవు. కానీ ఆ బాధ నిజమని ఇంట్లో ఒప్పుకోవడానికి ఏ మందూ అక్కర్లేదు.

పూర్తిగా తెగిందనుకున్న దారి నిజంగా పూర్తిగా తెగిందా అన్న ప్రశ్న ఈ మధ్య కొత్త మలుపు తిరిగింది. అమెరికా యువకుడు ఇయన్ బర్క్‌హార్ట్ 2010లో సముద్రపు అలలోకి దూకి మెడ దెబ్బతిన్నారు. చేతిలో వస్తువు ఉందో లేదో ఆయనకు తెలిసేది కాదు. అయితే మెదడులో అమర్చిన చిప్‌ను గమనించిన పరిశోధకులకు, ఆయన చేతిని తాకినప్పుడల్లా బలహీనమైన సంకేతం కనిపించింది. మనిషికి తెలిసేంత బలం దానికి లేదు, అంతే. కంప్యూటర్ ఆ సంకేతాన్ని పట్టి, స్పర్శ బాగా ఉన్న పైచేతి చర్మం మీద చిన్న ప్రకంపనగా తిరిగి అందించింది. కళ్లకు గంతలు కట్టినా వస్తువు తగిలిందో లేదో ఆయన చెప్పగలిగారు. 2020లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

పిట్స్‌బర్గ్‌లో మరో బృందం వెన్నుపాము జోలికే పోలేదు. 2004లో కారు ప్రమాదంలో మెడ దెబ్బతిన్న నేథన్ కోప్‌లాండ్ మెదడులో, చేతి స్పర్శను గ్రహించే చోట, సన్నని ఎలక్ట్రోడ్లు అమర్చారు. పదేళ్లకు పైగా చేతి నుంచి సరైన కబురే అందని ఆ చోటులో వేళ్ల పటం చెదరలేదు. రోబో చేతి వేళ్లను ఎవరైనా తాకితే, ఆయనకు తన సొంత వేళ్ల మీద ఎవరో నొక్కినట్టు అనిపించింది. కళ్లు కట్టేసి అడిగితే ఏ వేలో నూటికి 84 సార్లు సరిగ్గా చెప్పారు. 2016లో ఆ వార్త లోకానికి తెలిసింది. ఆ చేత్తోనే అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా పిడికిలికి పిడికిలి తాకించారు.

2021లో అదే బృందం ఇంకో కొలత ప్రకటించింది. కోప్‌లాండ్ తన ఆలోచనతో రోబో చేతిని నడిపిస్తూ వస్తువులను ఒకచోటి నుంచి తీసి మరోచోట పెట్టాలి. కంటిచూపు ఒక్కటే ఆధారమైనప్పుడు ఒక్కో ప్రయత్నానికి సుమారు 20 సెకన్లు పట్టింది. స్పర్శ సంకేతాన్ని మెదడుకు అందించగానే అది 10 సెకన్లకు తగ్గింది. రోబో చేయి అదే, దాన్ని కదిలించే ఆజ్ఞలు వచ్చే మెదడూ అదే. వస్తువు వేళ్లకు తగిలిన క్షణం తెలియడం వల్ల, పట్టు దొరికిందా లేదా అని తడుముకునే సమయం మిగిలింది.